ఆదయ్య వెతికిన అలుగు గుడ్లు

పంతొమ్మిదేళ్ళు వెతికాక ఆదయ్యకు అడవిలో అలుగు జాడ కనబడింది. ఆ సంగతి ఆయన భార్యకు చెప్పలేదు, తనకు రోజుకూలి ఇచ్చే అటవీశాఖ వాళ్ళకూ చెప్పలేదు. సైకిలు తొక్కుకుంటూ బామ్ని బడికి వచ్చి నాకు చెప్పాడు. నాకు చెప్పకపోతే బాగుండేది. ఊరికే అంటున్న మాట కాదు ఇది, ఏడాదిగా రోజూ అనుకుంటున్నదే.

నా పేరు ప్రగతి. సిరోంచలో మాది బట్టల దుకాణం. మా నాన్న దత్తయ్యకు నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టాలని ఉండేది. నేను వినలేదు, సైన్సు చదివి టీచరునయ్యాను. రోజూ స్కూటీ మీద బామ్ని వెళ్ళి, ఇంట్లో తెలుగో గోండీయో మాట్లాడే పిల్లలకు మరాఠీ పుస్తకంలోని పాఠాలు చెబుతాను. తెలియదు అనే మాట నా నోట రాదు. ఎవరేం అడిగినా ఠక్కున జవాబు చెప్పాలి, లేకపోతే నాకు తోచదు. మా అమ్మ అంటుండేది, "నీకు నోరిచ్చిన దేవుడు దానికి తలుపు పెట్టుడు మర్శిపోయిండు" అని. అప్పుడు నవ్వేదాన్ని.

ఆదయ్య నాకు తెలిసింది ఆయన మనవరాలు రేష్మ వల్ల. ఆ పిల్ల నా తరగతిలోనే ఉంది. బామ్ని దాటి అడవిలోకి పోతే వాళ్ళ గూడెం వస్తుంది. అక్కడ వాళ్ళ ముత్తాతల కాలం నుంచీ ఉంటున్నారు. ఆదయ్యకు అరవై దాటాయి. పొట్టి మనిషి, గట్టి చేతులు, మాట తక్కువ. వేసవిలో అడవికి నిప్పంటుకోకుండా ఆకు ఊడ్చి దారులు తీస్తాడు, నరికిన టేకు మొద్దులకు కాపలా ఉంటాడు. పంతొమ్మిదేళ్ళుగా అదే పని, అదే రోజుకూలి.

ఆయన తండ్రి అలుగులు పట్టేవాడట. అలుగంటే ఒళ్ళంతా పొలుసులతో, చీమలూ చెదలూ తిని బతికే జంతువు. భయమేస్తే ముడుచుకుని ఉండలా అయిపోతుంది. బొరియ నోట్లో సాయంత్రం ఒక ఎండుటాకు నిలబెట్టి, తెల్లారి ఆ ఆకు బయటికి పడి ఉంటే రాత్రి అది మేతకు పోయి వచ్చిందని తెలుసుకునేవారట. వాళ్ళకు కొన్ని కట్టుబాట్లున్నాయి. పుష్యమాసం మొదలు ఉగాది దాకా ఏ బొరియ జోలికీ పోకూడదు. ఎందుకో ఎవరికీ తెలియదు, పెద్దలు వద్దన్నారంతే. ఇంకొకటి, బొరియలోంచి జంతువును తీసినప్పుడు లోపల గుడ్లున్నాయేమో చూడాలి. గుడ్లుంటే బొరియ నోరు తెరిచి వదిలేయాలి. లేకపోతే రాయి అడ్డం పెట్టి బంకమట్టితో మెత్తాలి. ఖాళీ ఇల్లు తెరిచి పెడితే పామో ముళ్ళపందో చొరబడుతుంది, అసలు దానికి ఇల్లు లేకుండా పోతుంది, ఆ పాపం మనకు చుట్టుకుంటుంది అని వాళ్ళ నమ్మకం. ఉడుముకూ ఇదే పద్ధతి, అలుగుకూ ఇదే. పొలుసులున్నాయి కాబట్టి అలుగును ఉడుము పక్కన చేర్చారు.

ఆదయ్యకు ముప్పై ఏళ్ళ వయసులో ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు, అలుగు పొలుసులు కావాలని. ఆదయ్య వాళ్ళకు దారి చూపించాడు. ఒక్క వానాకాలంలో ఏడు బొరియలు. ఏడింటిలోంచీ తీశారు. ఆ తర్వాత ఇంకెవరో వచ్చారు, ఇంకెవరో చూపించారు. చూస్తుండగానే ఆ అడవిలో అలుగు అనేది లేకుండా పోయింది. "ఏడు నేనే సూపెట్టిన టీచరమ్మా," అని ఆయన నాతో మూడుసార్లన్నా అని ఉంటాడు. మూడుసార్లూ ఏడు వేళ్ళు చూపించాడు. అటవీశాఖలో కూలికి చేరిన రోజు నుంచి ఎక్కడ చెదలపుట్ట కనబడినా ఆగి, కొత్త మన్ను పడిందా అని వంగి చూసేవాడు. మిగతా కూలీలు ఎకసెక్కాలాడేవారు.

నిరుడు పుష్యమాసంలో ఆ మన్ను కనబడింది. మిరప చేల అంచున, ఎర్రమట్టి గట్టు కింద తాజా బొరియ. సాయంత్రం ఆకు నిలబెట్టి వచ్చాడు. తెల్లారి చూస్తే ఆకు బయట పడి ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చానని నాతో సిగ్గుపడకుండా చెప్పాడు.

ఆ రోజే బడికి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. పిల్లల ఎత్తూ బరువూ ఫోనులో ఎక్కించమని పైనుంచి ఆర్డరు. నెట్‌వర్క్ ఉండీ లేక, ఎక్కించింది ఎక్కినట్టే ఎక్కి పోతోంది. ఒళ్ళు మండుతూ ఉన్నాను. ఆదయ్య తువ్వాలలో చుట్టి తెచ్చిన రేష్మ పుస్తకం తీసి, ఒక పేజీ విప్పి నా ముందు పెట్టాడు.

"టీచరమ్మా, జర గీ బొమ్మ సూడు. మూతి పొడుగు, నాలుక పొడుగు. చీమలు తింటదని రేష్మ సదివి చెప్పింది. బుగులైతె ముడుసుకుంటదట. గిది మా అలుగే గద?"

నేను తల తిప్పి సగం కంటితో చూశాను. నలుపు తెలుపు అచ్చు, అందులోనూ మసకగా ఉంది. అది ఎకిడ్నా బొమ్మ. ముళ్ళ చీమలదిండి అని చెప్పుకోవచ్చు. గుడ్లు పెట్టి, పిల్లలకు పాలిచ్చే వింత జంతువులు ప్రపంచంలో రెండే రకాలు. ఒకటి బాతుమూతి ప్లాటిపస్, రెండోది ఇది. ఆ బొమ్మలో ముళ్ళు కూడా పొలుసుల్లాగే కనబడుతున్నాయి. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, ఇవి ఆస్ట్రేలియా, న్యూగినీల్లో మాత్రమే దొరుకుతాయని. ఆ పాఠం నేను ఆరేళ్ళుగా చెబుతున్నాను. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. అయినా ఏమన్నానో తెలుసా?

"ఆఁ, అదే జాతి పెద్దయ్యా," అన్నాను.

"అయితె గుడ్లు వెడతదా?"

"పెడతది. గుడ్డు పెట్టి, పిల్ల బయటికి వచ్చినంక పాలిస్తది."

ఆయన ముఖం చూడాలి మీరు! "మా నాయిన గదే అంటుండె. శెవులు బయటికి కనవడితె పిల్లల వెడతది, కనవడకుంటె గుడ్లు వెడతది అని. అలుగుకు శెవులు లెవ్వు. మా నాయిన సదువుకోలే, గని ఎంత కరెక్టు జెప్పిండు!"

ఈ మాట పల్లెల్లో అందరూ అనేదే. నాకు ముచ్చటేసింది. ఎకిడ్నాకూ ప్లాటిపస్‌కూ కూడా చెవులు బయటికి కనబడవు మరి. "మీ నాయిన మాకన్న పెద్ద సైంటిస్టు," అన్నాను. ఆయన మురిసిపోయాడు. గుడ్డు ఎంతుంటుందని అడిగితే రేగుపండంత అన్నాను, పెంకు మెత్తగా ఉంటుందన్నాను. ఎక్కడ పెడుతుందంటే బొరియలో అన్నాను. అది ప్లాటిపస్ సంగతి, ఎకిడ్నా అయితే పొట్టమీది సంచిలోనే గుడ్డు పెట్టుకుంటుంది. రెండింటినీ కలిపి ఆయన చేతిలో పెట్టాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. ఆయనకు ఉన్న మతిని నేను పోగొట్టాను.

వెళ్ళేముందు ఒట్టు పెట్టించుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దని. "గిదొక్కటి పిల్లలు జేసిందంటె, నేను సచ్చినా పర్వాలే టీచరమ్మా. ఏడిట్ల ఒక్కటన్న మర్లొస్తది." ఆ తర్వాత వారానికోసారి రేష్మతో కబురు పంపేవాడు. గుడ్లు ఇంకా పెట్టలేదని మా తాత చెప్పమన్నాడు మేడమ్, అని ఆ పిల్ల నా చెవిలో చెప్పేది. మాకదొక ఆట అయింది. నేను కూడా గుడ్లకోసం ఎదురుచూశాను. ఒక్కసారైనా పుస్తకం తెరిచి అలుగు గురించి చదవలేదు. తెలిసిన సంగతిని మళ్ళీ చదవడమెందుకు!

మాఘమాసం మధ్యలో ఒక పొద్దున మిరప చేను పక్క నీళ్ళ పైపు కోసం తవ్విన కందకంలో అలుగు పడి ఉందని ఊరంతా పోగైంది. నిట్టనిలువు గోడలు, ఎక్కలేకపోయింది. ముందుకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఆదయ్య పరుగెత్తి వెళ్ళి, కర్రలతో పొడుస్తున్న వాళ్ళను నెట్టేసి, కందకంలోకి దూకి దాని మీద వంగి కూర్చున్నాడట. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదట. అటవీశాఖ గార్డు విలాస్ మోటారు సైకిలు మీద వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు. విలాస్ మంచివాడు. గాయానికి మందు వేయించాలి, సిరోంచకు తీసుకుపోదాం, రెండు రోజుల్లో తెచ్చి ఇక్కడే వదిలేద్దాం అన్నాడు. బొరియలో ఇంకేమైనా ఉన్నాయా అని కూడా అడిగాడు. అడగవలసిన మాటే అడిగాడు.

ఆదయ్య బొరియ దగ్గరికి పోయి బోర్లా పడుకున్నాడు. టార్చి వేశాడు. చెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చి తడిమాడు. అక్కడి నుంచి బొరియ పక్కకు తిరిగింది, ఇక చెయ్యి పోలేదు. చెవి పెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. నేను తరగతిలో ఉన్నాను. పిల్లలు గోల చేస్తున్నారు.

"టీచరమ్మా, గుడ్లు కనవడుతలెవ్వు. రేగుపండంత అన్నవు గద, మొత్తం సూసిన. ఏం లెవ్వు."

"లేకపోతే ఇంకా పెట్టలేదు అన్నట్టు పెద్దయ్యా."

"మరి మూసెయ్యాల్నా? దాని ఇల్లు ఆగమైతది."

"మూసెయ్," అన్నాను. "వచ్చినంక తెరవచ్చు తియ్."

ఆ రెండు ముక్కలకు అరనిమిషం పట్టిందేమో. ఫోను పెట్టేసి పిల్లల మీద అరిచాను. ఆదయ్య రెండు చేతులకు సరిపడా రాయి తెచ్చి బొరియ నోటికి ఆనించి, కాలువ నుంచి బంకమట్టి తడిపి తెచ్చి, ఎక్కడా సందు లేకుండా మెత్తి, అరచేత్తో నునుపు చేశాడట. చేసిన పని ఎప్పుడూ సగంలో వదలడు ఆయన.

సిరోంచలో రెండు రోజులన్నది మూడో రోజుకు పాకింది. పశువుల డాక్టరు ఊళ్ళో లేడు. నిలేష్ అని చామోర్షి వైపు కుర్రాడు, మూడో రోజు పొద్దున వచ్చాడు. నాకు ఆదివారం సెలవు. అలుగును కళ్ళారా చూడొచ్చని నేనూ పోయాను. అటవీశాఖ షెడ్డులో గోనెసంచి మీద అది ముడుచుకుని ఉంది. ఆదయ్య మూడు రోజులుగా దాని పక్కనే ఉన్నాడు, చెదలపుట్ట పెళ్ళలు తెచ్చి పెడుతున్నాడు. అది ముట్టలేదు. గోడ గీకుతోందని, ఆగకుండా గీకుతోందని చెప్పాడు. "ఇంటికి పోతనంటున్నది," అన్నాడు.

డాక్టరు కాలు పట్టి మెల్లగా విప్పాడు. గాయం కడుగుతూ ఆగిపోయాడు. ముందుకాలి సందులో వేలు పెట్టి నొక్కాడు. తెల్లటి బొట్టు వచ్చింది.

"ఇది బాలెంత," అన్నాడు మరాఠీలో. "పిల్ల ఏది?"

ఆదయ్య నా వైపు చూసి, నా తరఫున తనే జవాబు చెప్పాడు. "పాలిస్తది సార్. గుడ్డు వెట్టి పాలిస్తది. గుడ్లయితె ఇంక వెట్టలే. నేను సూసిన."

నిలేష్ నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు, కుర్రాడు, నవ్వొచ్చింది. "గుడ్లా! కాకా, ఇది మన మేక లాంటిదే. కడుపులోనే పిల్ల పెరుగుతుంది, మాయ ఉంటుంది, బొడ్డుతాడు ఉంటుంది. కాన్పుకు ఒక్కటే పిల్ల. కొన్నాళ్ళు బొరియలో దాచి పాలిస్తుంది, ఆ తర్వాత తోక మీద ఎక్కించుకుని తిప్పుతుంది. పాలు వస్తున్నాయంటే పిల్ల అప్పుడే పుట్టిందన్నమాట, ఇక గుడ్లెక్కడివి?" అని, అలుగు తల పక్కన పొలుసులను చూపుడువేలితో పక్కకు జరిపాడు. "చెవులు లేవని కదా మీరంటారు? ఇదిగో."

అక్కడ చిన్న చెవి ఉంది. చంద్రవంకలా మడత పడిన తోలు ముక్క. ఆదయ్య దాని మీదికి వంగి చాలాసేపు చూశాడు. "గిన్నేండ్లల్ల దీని శెవి నేనెన్నడు సూడలే," అన్నాడు. అని, ఒక్కసారిగా లేచి బయటికి పరుగెత్తాడు.

ఆదయ్యను ఎక్కించుకుని విలాస్ మోటారు సైకిలు, దాని వెనక నా స్కూటీ. అరగంట దారి ఎట్లా పోయానో నాకు తెలియదు. దేవుడా దేవుడా అంటూనే పోయాను. నేను సైన్సు టీచరును, దేవుడి పేరు ఎత్తితే పిల్లలను వెక్కిరించేదాన్ని.

మేం పోయేసరికి ఆదయ్య భార్య పోశక్క అక్కడికి వచ్చింది. విలాస్ దారిలోంచి గూడేనికి ఫోను చేసి గడ్డపార తెమ్మన్నాడు, అది పట్టుకుని వచ్చింది. ఆవిడ ఆ చుట్టుపక్కల ఎంతమందికో పురుడు పోసిన మనిషి. జరిగింది వింటూనే గడ్డపార కింద పడేసింది.

"థూ నీ బతుకుల మన్నువడ! బాలెంత ఇంటి తలుపుకు రాయి వెడతవా? కందకంల పడ్డనాడే నన్ను విలిస్తె కడుపు తడిమి చెప్పకపోదునా? పొద్దెక్కినా అది ఉండ విప్పి ఇంటిమొకానే పాకుతుందని ఊరంత అనుకున్నరు. ఏ తల్లి పాకుతది అట్ల? గుడ్లట, గుడ్లు! ఎవలు జెప్పిండ్రు నీకు?"

ఆదయ్య గడ్డపార ముట్టలేదు. దెబ్బ తగులుతుందేమోనని వేళ్ళతో మట్టి పెళ్ళలు తీయడం మొదలుపెట్టాడు. మూడు రోజుల ఎండకు ఆ మట్టి ఇటుకలా గట్టిపడింది. గోళ్ళలోంచి నెత్తురు వచ్చింది. విలాస్ రాయికి చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి లాగారు.

రాయి వెనకే ఉంది పిల్ల. జానెడు కన్నా కాస్త పొడుగు. పొలుసులు ఇంకా గట్టిపడలేదు, లేత గోధుమ రంగులో, తడిపిన తోలులా ఉన్నాయి. సగం ముడుచుకుని, మూతి రాయికి ఆనించి ఉంది. రాయి చుట్టూ లోపలి వైపు మట్టి మీద సన్నటి గీతలు. పైనుంచి కిందికి, పక్కలకు, ఒకదాని మీద ఒకటి, ఎన్నో గీతలు.

పోశక్క దాన్ని తీసి చీర కొంగులో వేసుకుని, దాని రొమ్ము మీద వేలు ఆనించి చూసింది. పురిట్లో బిడ్డను చూసినట్టే చూసింది. "లేదు," అంది. కొంగు మూసేసింది.

ఇంతకంటే ఏం చెప్పను! నా తరగతిలో బోర్డు మీద ప్రతి ఏడూ రాస్తాను. క్షీరదాలు మూడు రకాలు, గుడ్డు పెట్టేవి, సంచిలో పెంచేవి, గర్భంలో పెంచేవి. మూడో రకానికి ఉదాహరణలు చెప్పమంటే పిల్లలు ఆవు, ఏనుగు, తిమింగలం అంటారు. తిమింగలం తెలుసు మాకు! మా మిరప చేల గట్టు కింద ఏం ఉందో తెలియదు. తెలియకపోతే తెలియదని అనొచ్చు కదా. ఆ ఒక్క మాట అని ఉంటే, ఆయన గుడ్లు కాదు, పిల్లను వెతికి ఉండేవాడు. చెయ్యి పోని చోటికి కర్ర పోనిచ్చి చూసేవాడు. కనీసం నోరు మూయకుండా వదిలేసి పక్కన కాపలా కూర్చునేవాడు, ఎన్ని రోజులైనా కూర్చునేవాడు. ఆయన సంగతి నాకు తెలుసు. పుష్యం నుంచి ఉగాది దాకా బొరియ జోలికి పోవద్దన్న పెద్దలకు చదువు లేదు. పిల్లలుండే నెలలు అవి. నన్ను అడగకుండా ఉంటే ఆ కట్టుబాటే పిల్లను కాపాడేదేమో.

తల్లికి చూపించాల్సిందేనని ఆదయ్య పట్టుబట్టాడు. డాక్టరు వద్దన్నాడు, కానీ గట్టిగా అనలేకపోయాడు. షెడ్డులో గోనె మీద పిల్లను పెట్టారు. తల్లి మూతి చాచి వాసన చూసింది. ముందుకాళ్ళతో పొట్ట కిందికి లాక్కుంది. తోకను పైకి మడిచి, పిల్లను లోపల పెట్టుకుని ఉండలా మూసుకుపోయింది. ఎంతసేపు చూసినా విప్పలేదు. గాయానికి కట్టు కట్టాలని డాక్టరు ప్రయత్నిస్తే పొలుసులు బిగించింది. ఆదయ్య గోడకు ఆనుకుని కూర్చుని, "గిట్ల పెంచుతదన్నట్టు," అన్నాడు. అంతే. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను ఊరుకోమనలేదు, తిట్టనూ లేదు.

తర్వాత విచారణ జరిగింది. ఎక్కడి నుంచో అటవీశాఖ పెద్దసారు వచ్చి షెడ్డు ముందు కుర్చీ వేయించుకున్నాడు. ఆ రోజు అక్కడున్నానని నన్నూ పిలిపించారు. టీచరును కాబట్టి నాకూ కుర్చీ వేశారు. ఆదయ్య నిలబడ్డాడు. అలుగు గుడ్లు పెడుతుందని నీకెవరు చెప్పారని పెద్దసారు హిందీలో అడిగాడు. ఆదయ్య నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

"ఎవ్వలు జెప్పలే సార్. మా నాయిన అనేటోడు, గదే నమ్మిన."

చెప్పాల్సిన వాక్యం నా దగ్గర సిద్ధంగా ఉంది. పొద్దున్నుంచి మరాఠీలో ఒకసారి, హిందీలో ఒకసారి అనుకుని అనుకుని పోయాను. నేను చెప్పాను సార్, నాదే తప్పు. ఇంతే కదా! ఎప్పుడూ ఆగని నా నోరు ఆ ఒక్కరోజు పెగల్లేదు. బడి గుర్తొచ్చింది, ఊళ్ళో మాట గుర్తొచ్చింది, పేపర్లో పేరు వస్తుందేమోనని భయమేసింది. పెద్దసారు ఏదో రాసుకున్నాడు. చదువు లేని వాళ్ళతో ఇదే బాధ అని నాతో అన్నాడు, నేను కూడా తన వైపేనన్నట్టు. ఆ కుర్చీలో కూర్చున్న సిగ్గు నా ఒంటి మీద నుంచి ఇప్పటికీ పోలేదు. సిగ్గున్నంత మాత్రాన ఎవరికేం లాభం!

తల్లి అలుగును తెచ్చి గట్టు దగ్గర వదిలారు. తవ్విన బొరియ చుట్టూ రెండుసార్లు తిరిగి, మన్ను మూతితో ఎత్తి ఎత్తి చూసి, ప్రాణహిత నది వైపు పొదల్లోకి పోయిందని విలాస్ చెప్పాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. వేసవి పనికి కూలీలను పిలిచినప్పుడు ఆదయ్యను పిలవలేదు. రేష్మ బడికి వస్తోంది కానీ నాతో మాట్లాడదు. నేను ప్రశ్న అడిగితే లేచి నిలబడి, తెలియదు మేడమ్, అని కూర్చుంటుంది. తెలిసిన జవాబులకు కూడా అంతే.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక పొద్దున ఆదయ్యను వెతుక్కుంటూ పోయాను. ఆయనా పోశక్కా చెట్టు కింద వంగి పువ్వు ఏరుతున్నారు. పోశక్క నన్ను చూసి బుట్ట తీసుకుని ఇంకో చెట్టు కిందికి పోయింది. విచారణ రోజు నోరు విప్పనందుకు క్షమించమని అడుగుదామని పోయాను. మొదలుపెట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గదంత ఇడిశిపెట్టు టీచరమ్మా. నీ నౌకరి నీకుండాలె, పోరగాండ్లకు సదువు జెప్పాలె. ఒక్కటి మాత్రం జెప్పు. నాకు నిద్ర వడుతలేదు." ఏరిన పువ్వు తువ్వాలలో పోసి, చేతులు దులుపుకున్నాడు. "మట్టి మీద గోర్ల గీతలు సూసినవు గద? గది ఎన్నొద్దులు గీకిందంటవ్? మూడొద్దులా? నేను దాని తల్లి పక్కపొంటి కూసున్నప్పుడు గుడ గీకుతనే ఉన్నదా?"

నాకు తెలియదు. పాలు లేకుండా అలుగు పిల్ల ఎన్ని రోజులు బతుకుతుందో నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఎవరినీ అడగలేదు. ఆయన కళ్ళలోకి చూశాను. ఎర్రగా, లోపలికి పోయి ఉన్నాయి.

"లేదు పెద్దయ్యా," అన్నాను. "ఒక్క గంట. అంతే. తర్వాత నిద్రలనే పోయింది."

"గంటనేనా?"

"గంటనే."

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. "నువ్వు సదువుకున్నదానివి, నీకు తెల్వదా," అని, మళ్ళీ పువ్వు ఏరడానికి వంగాడు.